ఓడ దిగి ఒలింపియాకి: ఒక్క పూటలో ప్రాచీన గ్రీస్ చూసి రావడం ఎలా

గ్రీస్ పడమటి తీరంలో కటాకోలో అని ఒక చిన్న రేవు ఉంది. ఒడ్డు వెంట ఒకటి రెండు వీధులు, కాఫీ హోటళ్ళు, తోలు చెప్పుల దుకాణాలు, అంతే ఊరు. అలాంటి ఊరికి వేలమందిని మోసుకుంటూ క్రూయిజ్ ఓడలు వచ్చి ఆగుతున్నాయంటే కారణం ఒక్కటే. అక్కణ్ణించి సుమారు 35 కిలోమీటర్ల లోపలికి వెళ్తే ఒలింపియా. క్రీ.పూ. 776 నుంచి క్రీ.శ. నాలుగో శతాబ్దం చివరి దాకా ఒలింపిక్ పోటీలు జరిగిన చోటు.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఓడలో అమ్మిన టూరు తీసుకున్నాం. గైడు జెండా ఎత్తుకుని ముందు, నలభైమందిమి ఆవిడ వెనక. మ్యూజియంకి ఇరవై నిమిషాలు ఇచ్చి, నగల దుకాణం దగ్గర ముప్పావు గంట ఆపారు. ఓడెక్కాక "ఏం చూశావమ్మా?" అని అడిగితే మా అమ్మ "రాళ్ళు" అంది. నిజమే కదా. అక్కడున్నవి రాళ్ళే. ఏ రాయి దగ్గర ఆగాలో, ఎందుకు ఆగాలో ముందే తెలియకపోతే ఎన్ని గంటలు తిరిగినా రాళ్ళే కనిపిస్తాయి. రెండోసారి సగం రాళ్ళు వదిలేసి ఏడెనిమిది చోట్లే చూశాం. కింద రాసింది ఆ రెండోసారి పద్ధతి.

1. క్రూయిజ్ బుక్ చేసేముందే రేవుల జాబితా చదవండి

శిథిలాలు చూడటమే మీ ఉద్దేశమైతే ఓడలో ఈతకొలను ఎంత పెద్దదన్నది కాదు, ఓడ ఏ రేవులో ఎన్ని గంటలు ఆగుతుందన్నది చూడాలి. కటాకోలోలో ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 4 దాకా ఆగితే హాయిగా సరిపోతుంది. ఐదు గంటలే ఆగితే పరుగే.

మిగతా రేవుల సంగతి క్లుప్తంగా. పిరియస్‌లో దిగితే ఏథెన్స్ ఆక్రోపోలిస్, అంటే పాత గుళ్ళున్న గుట్ట, పది పన్నెండు కిలోమీటర్ల దూరం. అక్కడ దూరంతో చిక్కు లేదు, జనంతోనే. రోజుకు 20,000 మందినే పంపుతున్నారు, టికెట్ మీద ప్రవేశ సమయం ఉంటుంది, 2025 నుంచి ధర 30 యూరోలు. ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. క్రీట్‌లో హెరాక్లియన్ రేవు నుంచి నోసోస్ ఐదు కిలోమీటర్లే. కానీ అది మినోవన్లనే ప్రాచీన జాతి రాజభవనం, మనం మామూలుగా గ్రీకు అనుకునే కాలానికి బాగా ముందుది. పైగా అక్కడ కనిపించే ఎర్ర స్తంభాలు గత శతాబ్దంలో అక్కడ తవ్వకాలు జరిపిన ఆర్థర్ ఎవాన్స్ నిలబెట్టించినవి. మైకనోస్ నుంచి అరగంట పడవ ప్రయాణంలో శిథిలాలు నిండిన డేలోస్ దీవి. నీడ అన్నది దొరకదు. టర్కీలో కుషాదసి రేవు దగ్గర ఎఫెసస్ అనే ప్రాచీన నగరం ఉంది. కళ్ళు తిప్పుకోలేనంత బాగుంటుంది గానీ ఇప్పుడు కనబడేది ఎక్కువగా రోమన్ కాలపు కట్టడం. అక్కడికి వెళ్తే పై గేటు దగ్గర లోపలికెళ్ళి కింది గేటు దగ్గర బయటికి రండి. మోకాళ్ళు మిమ్మల్ని దీవిస్తాయి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకీ, పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకీ నేను ఒలింపియానే చెబుతాను. నేల దాదాపు చదును, చెట్లున్నాయి, మ్యూజియం పక్కనే.

2. వీసా విషయంలో మనవాళ్ళు చేసే పొరపాటు

అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నల్ని కూడా కలుపుకుని క్రూయిజ్ బుక్ చేయడం ఇప్పుడు మామూలైపోయింది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి గ్రీస్‌లో దిగడానికి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) కావాలి. చేతిలో అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నా, హెచ్-1బి ఉన్నా సరే, కావాలి. ఓడ మధ్యలో టర్కీలోనో, మాంటెనెగ్రోలోని కోటోర్‌లోనో ఆగితే మీరు షెంగెన్ దాటి బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వస్తున్నట్టు లెక్క. కాబట్టి ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా పనికిరాదు, మల్టిపుల్ ఎంట్రీ అడగండి. టర్కీ నియమం వేరు. మీ పాస్‌పోర్టుకి ఏది వర్తిస్తుందో ఓడ కంపెనీని అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటకి చెక్-ఇన్ కౌంటర్ దగ్గర విలువ ఉండదు.

3. ఓడ టూరా, సొంతంగానా?

ఓడవాళ్ళ టూరులో ఒక లాభం ఉంది, అది చిన్నదేం కాదు. వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా మిమ్మల్ని తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత వాళ్ళదే. సొంతంగా వెళ్ళి ఆలస్యం చేస్తే ఓడ వెళ్ళిపోతుంది, తర్వాతి రేవుకి ఖర్చు మీది, టెన్షన్ మీది.

అయినా కటాకోలోలో నేను సొంతంగా వెళ్ళమనే అంటాను. దారి ఒక్కటే, ముప్పావు గంట లోపే. రేవు దాటగానే స్థానికులు నడిపే బస్సులు, టాక్సీలు ఉంటాయి. నలుగురైదుగురు ఉంటే టాక్సీ మాట్లాడుకోవడం మేలు. రానూపోనూ ధర, ఎన్ని గంటలు ఆగుతాడు, తిరిగి ఏ చోట ఎక్కించుకుంటాడు, ఈ మూడూ కదిలేముందే తేల్చుకుని కాగితం మీద రాయించుకోండి. డబ్బు తిరిగొచ్చాకే ఇవ్వండి. చిన్న రైలు ఒకటి కటాకోలో నుంచి ఒలింపియాకి ఉంది, ముచ్చటగా ఉంటుంది. కానీ దాన్ని నమ్ముకుని మాత్రం రోజు వేసుకోవద్దు. వేళలు మారుతుంటాయి, ఒక్కోసారి నడవదు.

గైడు కావాలనుకుంటే లైసెన్సున్న గైడునే పెట్టుకోండి. గ్రీస్‌లో శిథిలాల లోపల వివరించి చెప్పడానికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, వాళ్ళు బ్యాడ్జి వేసుకుంటారు. బయటే నిలబెట్టి అన్నీ చెప్పేసి "ఇక మీరు లోపలికి వెళ్ళి చూసి రండి" అంటే అతనికి లైసెన్సు లేదని అర్థం.

4. ముందు రోజు రాత్రి

ప్రతి రాత్రీ గదికి ఒక కాగితం వస్తుంది, లేదా ఓడ యాప్‌లో పెడతారు. అందులో రెండు విషయాలు చూడండి. ఒకటి, ఓడ కదిలే వేళ కాదు, అందరూ ఎక్కి తీరాల్సిన వేళ. రెండోది, రేవులోని ఏజెంట్ ఫోన్ నంబరు. దాన్ని ఫోటో తీసుకోండి.

తర్వాత గడియారం. దీని దగ్గరే చాలామంది దెబ్బతింటారు. గ్రీస్ ఇటలీ కంటే ఒక గంట ముందు. ఇటలీలో బయల్దేరిన ఓడ తన గడియారం మార్చకపోతే, ఫోన్ మాత్రం ఒడ్డు తగలగానే తనంతట తానే గ్రీస్ టైముకి మారిపోతుంది. టాక్సీ అతను చెప్పే "ఒంటిగంట" వేరు, ఓడవాళ్ళ "ఒంటిగంట" వేరు. చేతికి మామూలు వాచీ కట్టుకుని దాన్ని ఓడ టైముకి పెట్టండి. ఫోన్ ఏది చూపించినా వాచీ మాటే వినండి.

సంచిలో ఉండాల్సినవి: ఓడ కార్డు, పాస్‌పోర్టు నకలు (అసలుది చాలా ఓడలు తమ దగ్గరే ఉంచుకుంటాయి), ఒక్కొక్కరికీ లీటరు నీళ్ళు, టోపీ, కొంచెం నగదు యూరోలు. కాళ్ళకి బూట్లు. చెప్పులతో గులకరాళ్ళ మీద నడిస్తే మధ్యాహ్నానికి తెలుస్తుంది. చీర కట్టుకుని వచ్చే పెద్దవాళ్ళకి ఇబ్బందేం లేదు, మా అమ్మ కట్టుకునే తిరిగింది, కాకపోతే అంచు కొంచెం పైకి. పులిహోర పొట్లం కట్టుకెళ్ళి గుడి నీడలో తిందామనుకుంటే కుదరదు. లోపల తిండి తిననివ్వరు, నీళ్ళు తాగొచ్చు.

5. దిగడం, చేరడం

కటాకోలోలో ఓడ సాధారణంగా గట్టుకే ఆనుకుంటుంది. చిన్న పడవల్లో ఒడ్డుకి చేరే తతంగం ఉండదు. అనుమతి ప్రకటించగానే దిగిపోండి. ఫలహారం తీరిగ్గా చేసి తొమ్మిదిన్నరకి దిగితే, ఓడ టూరు బస్సులన్నీ మీకంటే ముందు గేటు దగ్గర ఉంటాయి. ఎనిమిదింబావుకి దిగితే తొమ్మిదింబావుకల్లా టికెట్ చేతిలో ఉంటుంది.

టికెట్ గ్రీస్ సాంస్కృతిక శాఖ అధికారిక సైటులోనూ దొరుకుతుంది. తవ్వకాల చోటు, మ్యూజియం కలిపి కొనండి. బస్సులు ఆగే చోటు నుంచి గేటు దాకా కొంచెం నడక ఉంది. ముందు శిథిలాలా, ముందు మ్యూజియమా? వేసవిలో ముందు శిథిలాలే, చల్లగా ఉన్నప్పుడే. ఎండ ముదిరాక ఏసీ మ్యూజియంలోకి వెళ్ళొచ్చు.

6. లోపల: ఎక్కడ ఆగాలి

గేటు దాటి తిన్నగా నడిస్తే కుడివైపు వరసగా స్తంభాలు కనిపిస్తాయి. క్రీడాకారులు సాధన చేసిన వ్యాయామశాల, కుస్తీల ఆవరణ అవి. ఫోటో తీసుకుని ముందుకు సాగండి. మొదటి ఆగే చోటు ఇటుక గోడలున్న కట్టడం.

*ఫిడియాస్ పనిచోటు.* చూస్తే పాత చర్చిలా ఉంటుంది, ఎందుకంటే క్రీ.శ. ఐదో శతాబ్దంలో దాన్ని చర్చిగా మార్చారు. అంతకు ముందు ఇక్కడే ఫిడియాస్ అనే శిల్పి బంగారం, ఏనుగు దంతం కలిపి గ్రీకు దేవతల రాజు జ్యూస్ విగ్రహం చేశాడు. కూర్చున్న భంగిమలోనే సుమారు 12 మీటర్ల ఎత్తు, ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. ఇది ఫిడియాస్ చోటేనని ఎలా చెప్పారు? తవ్వకాల్లో పనిముట్లు, విగ్రహం బట్టల మడతలకి వాడిన మట్టి అచ్చులు దొరికాయి. వాటితో పాటు అడుగున "నేను ఫిడియాస్‌ది" అని గీసి ఉన్న చిన్న గిన్నె కూడా. మన ఇళ్ళలో స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించినట్టే. ఆ గిన్నె మ్యూజియంలో ఉంది, గుర్తుపెట్టుకోండి.

*జ్యూస్ గుడి.* ఇక్కడ కనీసం ఇరవై నిమిషాలు. క్రీ.పూ. 457 ప్రాంతంలో పూర్తయింది, కట్టినవాడు లిబోన్. ఒక్కో స్తంభం పది మీటర్లకు పైనే. ఆరో శతాబ్దంలో భూకంపాలకు పడిపోయాయి. ఎలా పడ్డాయో అలాగే ఉన్నాయి, రాతి చక్రాలు ఒకదాని మీద ఒకటి వాలి, పళ్ళెంలో బిస్కెట్లు జారినట్టు. నిలబెట్టి ఉన్న ఒక్క స్తంభం 2004లో మళ్ళీ పేర్చింది. పడిన చక్రం దగ్గరికెళ్ళి చూడండి (ముట్టుకోవద్దు, కాపలావాళ్ళు ఈల వేస్తారు). రాతి నిండా గవ్వలు, ఆల్చిప్పలు! ఇది పాలరాయి కాదు, ఈ ప్రాంతపు గవ్వల సున్నపురాయి. పైన తెల్ల గచ్చు పూసి పాలరాయిలా కనబడేట్టు చేశారు. శిల్పాలకి మాత్రం పారోస్ దీవి నుంచి అసలు పాలరాయి తెప్పించారు.

మన గుడి అలవాటుతో చూస్తే ఒక తేడా తెలియాలి. విగ్రహం ఉండే గది మన గర్భగుడి లాంటిదే, కానీ పూజ, బలి, జనం అంతా బయటే. జ్యూస్ బలిపీఠం రాతితో కట్టింది కూడా కాదు. బలుల బూడిదని శతాబ్దాల తరబడి పోగుచేసిన గుట్ట. ఇప్పుడు దాని ఆనవాలు కూడా లేదు. అందుకే ఈ గుడికీ, జ్యూస్ భార్య హేరా గుడికీ మధ్య ఖాళీ నేల చూసి "ఇక్కడేం లేదే" అనుకుని వెళ్ళిపోకండి. ఒలింపిక్ పోటీలు జ్యూస్ పండుగలో భాగం, ఆ పండుగ నడిచింది ఆ ఖాళీలోనే.

*మోసగాళ్ళ వరస.* స్టేడియం వైపు నడుస్తుంటే ఎడమపక్క రాతి పీఠాలు కనిపిస్తాయి, పైన ఏమీ ఉండదు. చాలామంది గబగబా దాటేస్తారు. నాకైతే ఒలింపియా మొత్తంలో ఇదే ఇష్టం. పోటీల్లో లంచాలిచ్చి దొరికినవాళ్ళ దగ్గర వసూలు చేసిన జరిమానాతో జ్యూస్ కంచు విగ్రహాలు చేయించి ఇక్కడ నిలబెట్టేవారు. వాటిని జానెస్ అంటారు. మొదటి ఆరూ క్రీ.పూ. 388 నాటివి: థెస్సలీకి చెందిన యూపోలోస్ అనే బాక్సర్ ముగ్గురు ప్రత్యర్థులకి డబ్బిచ్చి ఓడిపొమ్మన్నాడు. పోటీకి వెళ్ళే ప్రతివాడూ వీటి పక్కనుంచే నడవాలి. కంచు కరిగిపోయింది, పీఠాలు మిగిలాయి.

*స్టేడియం.* రాతి కమాను కింద నుంచి లోపలికి వెళ్ళాలి. ఒకప్పుడు పైకప్పున్న సొరంగం, ఇప్పుడు కమాను ఒక్కటే మిగిలింది. అవతల చదునైన మట్టి నేల, రెండు వైపులా గడ్డి గట్లు. అంతే! నలభై వేల పైచిలుకు జనం ఈ గట్ల మీదే కూర్చున్నారు. రాతి మెట్లు వాళ్ళకి లేవు, న్యాయనిర్ణేతలకి మాత్రం చిన్న రాతి వేదిక ఉంది. (నాగార్జునకొండలో చుట్టూ మెట్లున్న ప్రదర్శనశాల చూసినవాళ్ళు ఇక్కడ కాస్త నిరాశపడతారు.) నేలలో పొడవాటి రాతి పట్టీ ఉంది, రెండు గీతలతో. పరుగు మొదలుపెట్టే గీత అది, కాలివేళ్ళు ఆనించడానికి. ఇక్కణ్ణించి అవతలి గీత దాకా 192.27 మీటర్లు. పరుగెత్తడానికి అభ్యంతరం ఉండదు, అందరూ పరుగెత్తుతారు, మా నాన్న 68 ఏళ్ళ వయసులో సగం దాకా పరుగెత్తి తర్వాత నడిచాడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో షాట్‌పుట్ పోటీలు ఇక్కడే పెట్టారు.

పెళ్ళయిన ఆడవాళ్ళని పోటీలు చూడనిచ్చేవారు కాదు, డిమీటర్ దేవత పూజారిణి ఒక్కరిని తప్ప. అయినా స్పార్టా రాజకుమారి కైనిస్కా క్రీ.పూ. 396లో రథాల పందెం గెలిచింది. బహుమతి రథం నడిపినవాడికి కాదు, గుర్రాల యజమానికి దక్కేది కాబట్టి.

*హేరా గుడి.* తిరిగి వచ్చేటప్పుడు కుడివైపు. జ్యూస్ గుడి కంటే పాతది, క్రీ.పూ. 600 ప్రాంతం. స్తంభాలు ఒకదానికొకటి పోలవు. లావు వేరు, తలకట్టు వేరు. మొదట అన్నీ కొయ్య స్తంభాలే. పాడైనప్పుడల్లా ఒక్కొక్కదాన్నీ తీసి ఆ కాలపు పద్ధతిలో రాతి స్తంభం పెట్టారు. క్రీ.శ. రెండో శతాబ్దంలో పౌసానియాస్ అనే యాత్రికుడు వచ్చినప్పుడు ఇంకా ఒక ఓక్ కొయ్య స్తంభం మిగిలే ఉందట.

ఈ గుడి ముందే ఒలింపిక్ జ్యోతి వెలిగిస్తారు, 1936 నుంచి. పుటాకారపు అద్దంతో ఎండని ఒక్కచోటికి చేర్చి నిప్పు పుట్టిస్తారు. 2000లో ఇక్కణ్ణించి బయల్దేరిన జ్యోతి సిడ్నీ చేరింది. ఆ పోటీల్లోనే మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లేశ్వరి కంచు పతకం ఎత్తింది. మా అమ్మ ఆ చోట కాసేపు నిలబడి దణ్ణం పెట్టుకుంది. అక్కడ మరి రాళ్ళనలేదు.

బయటికి వచ్చే దారిలో గుండ్రటి కట్టడం ఫిలిప్పెయోన్, అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ మొదలుపెట్టింది. దేవుళ్ళ ఆవరణలో తన కుటుంబం బొమ్మలు పెట్టుకున్నాడు. ఫ్లెక్సీలు చూసిన మనకి ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

7. మ్యూజియంకి గంట మిగుల్చుకోండి

ఇది తప్పించుకుంటే సగం యాత్రే. నడిమి హాలులో జ్యూస్ గుడి రెండు ముఖాల మీది శిల్పాలు ఎదురెదురుగా ఉన్నాయి. తూర్పు ముఖంలో రథాల పందానికి ముందు క్షణం, అందరూ కదలకుండా. పడమటి ముఖంలో పెళ్ళి విందులో తాగి అమ్మాయిల మీద పడ్డ సెంటార్లతో (సగం మనిషి, సగం గుర్రం) కొట్లాట, మధ్యలో చెయ్యి చాపి నిలబడ్డ అపోలో దేవుడు. ముందు తూర్పు చూసి వెనక్కి తిరగండి.

గ్రీకు పురాణ వీరుడు హెరాక్లిస్ పన్నెండు సాహసాల పలకల్లో కొన్ని ముక్కలు అచ్చుపోసిన నకళ్ళు. అసలువి 1829లో ఫ్రెంచివాళ్ళు పట్టుకెళ్ళారు, పారిస్ లూవ్ర్‌లో ఉన్నాయి. అమరావతి శిల్పాలు చూడాలంటే చెన్నైకీ లండన్‌కీ వెళ్ళాల్సిన మనకి ఆ బాధ తెలుసు. 1875లో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టిన జర్మన్లతో మాత్రం గ్రీస్ ముందే ఒప్పందం రాయించుకుంది, దొరికినవన్నీ ఇక్కడే ఉండాలని. అందుకే ఈ మ్యూజియం ఇంత నిండుగా ఉంది.

తర్వాత మరో మూడు వెతుక్కోండి. చంకన పసిబిడ్డని ఎత్తుకున్న హెర్మెస్ దేవుడి పాలరాతి విగ్రహం. మారథాన్ యుద్ధ సేనాని మిల్టియాడిస్ ఇక్కడ సమర్పించిన శిరస్త్రాణం. ఆ ఫిడియాస్ గిన్నె.

8. భోజనం, తిరుగు దారి

ఒలింపియా ఊళ్ళోనే తినండి, నడిచే దూరం. శాకాహారులకి పాలకూర పై, పెద్ద చిక్కుడు గింజల కూర, ఫెటా సలాడ్ దొరుకుతాయి. టమాటాలో కూరిన అన్నం అడిగేటప్పుడు మాత్రం లోపల కీమా ఉందేమో కనుక్కోండి. తింటూ కూర్చుంటే గ్రీస్‌లో ఎవరూ లేవమనరు, బిల్లు మీరే అడగాలి, ముందే అడిగి పెట్టుకోండి.

తిరుగు లెక్క వెనక నుంచి వేయండి. అందరూ ఎక్కాల్సిన వేళ మూడున్నర అనుకుంటే, రెండుకల్లా కటాకోలోలో ఉండాలి. అంటే ఒంటిగంటకి కాస్త అటూ ఇటూగా ఒలింపియా వదలాలి. ఆ గంటన్నర వృథా అనిపిస్తుంది, కాదు. దారిలో టైరు పంక్చరైతే అదే కాపాడుతుంది. ఆలస్యమయ్యేట్టుంటే ఏజెంటుకి వెంటనే ఫోన్ చేయండి, చివరి నిమిషం దాకా ఆగొద్దు. గేటు బయట ఏరుకున్న గులకరాయి అయినా సరే జేబులో వేసుకోవద్దు. పురావస్తువులు దేశం దాటించడం అక్కడ నేరం, రాయి పాతదో కొత్తదో గట్టు మీద వాదించడం మన వల్ల కాదు.

టైము మిగిలితే కటాకోలో ఒడ్డున ఓడ కనబడే బల్ల చూసుకుని చల్లటి కాఫీ చెప్పండి. మూడున్నర దగ్గరపడేకొద్దీ గట్టు మీద సంచులు, చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తేవాళ్ళు కనిపిస్తారు, పై డెక్కుల నుంచి జనం చప్పట్లు కొడుతుంటారు. ఆ పూట ఒలింపియాలో చూడని పరుగుపందెం అక్కడ చూడొచ్చు.